ఏరియూరుకు పోయిన పొట్లాలు

గౌరమ్మకు చెంబులో నీళ్ళు చూస్తే భయం. తమిళనాట ధర్మపురిలో, బస్టాండు వెనక సందులో వాళ్ళ ఇల్లు. ఇంటికొచ్చినవాళ్ళు దాహమంటే అప్పటికప్పుడు నీళ్ళు దొరికేవి కావు. నీళ్ళు పొయ్యి మీద తెర్లాలి, చల్లారాలి, పంచె గుడ్డలో వడబోయాలి. అంతసేపూ వచ్చినవాళ్ళు గొంతు తడారిపోయి కూర్చోవలసిందే. ‘ఉడుకునీళ్ళ గౌరమ్మ’ అని సందులో ఆడవాళ్ళు చాటున నవ్వుకునేవాళ్ళు. ఎదుట మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ భయం ఎక్కడిదో అందరికీ తెలుసు.

ఆమె పుట్టిల్లు కడత్తూరు. ఎన్ని తరాల కిందట వచ్చి అక్కడ స్థిరపడ్డారో వాళ్ళకే గుర్తులేని తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. గౌరమ్మకు తొలికాన్పులో ఆడబిడ్డ. ఆ బిడ్డకు నడక వచ్చిన ఏడు, మండే ఎండల్లో, పుట్టింటికి తీసుకుపోయింది. అక్కడ బిడ్డకు వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. పొద్దున వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగులు తీసిన పిల్ల పొద్దువాలేసరికి కళ్ళు గుంటలు పడి, పెదవులు ఎండి, ఏడ్చినా కంట నీరు రాని స్థితికి వచ్చేసింది. “నీళ్ళు తాపితే ఇంకా పోతుంది, తాపొద్దు” అన్నారు ఇంట్లో పెద్దలు. గౌరమ్మ తాపలేదు. ఆసుపత్రి గుమ్మం దగ్గరే బిడ్డ చేతుల్లో చల్లబడింది.

“నీళ్ళల్లో కిరుములుంటాయమ్మా” అన్నది నర్సు.

కిరుములంటే కంటికి కనపడని పురుగులు. ఆ మాట గౌరమ్మ గుండెలో మేకులా దిగబడింది. ఆ తరువాత మళ్ళీ కాన్పు కాలేదు.

ఆమె భర్త నారాయణసామి వరదరాజన్ గారి నాటుమందుల అంగడిలో కూలి. శొంఠి, కరక్కాయ, పిప్పళ్ళు దంచి జల్లించడం అతని పని. ఎనభై నాలుగులో వరదరాజన్ తమ్ముడి కూతురు వేదవల్లి, బెంగుళూరులో పెద్ద చదువు చదివి తిరిగి వచ్చి, అంగడి వెనకున్న గోదాము గదిని సున్నం కొట్టించి ప్రయోగశాలగా మార్చింది. మందాకుల మీద బతికే మంచి సూక్ష్మజీవులను ఏరి, పెంచి, ఆరబెట్టి, కడుపుకు బలమిచ్చే పొడి చేయాలని ఆ పిల్ల ఆశ. పెదనాన్న మొదట నమ్మలేదు. పై దేశాల్లో ఇలాంటి గుళికలు డాక్టర్లే రాసిస్తున్నారని విన్నాక ఆయనకు వేదవల్లికంటే ఎక్కువ తొందర పుట్టింది.

“గాజుసామాను కడిగే మనిషి కావాలంట. నీ మాదిరి కడిగేవాళ్ళు ఈ ఊర్లో ఇంకెవరుండారు?” అని నారాయణసామి భార్యను తీసుకుపోయి పనిలో పెట్టినాడు.

మొదటిరోజే వేదవల్లి వెచ్చటి పెట్టె తెరిచి మూతలున్న గాజు పళ్ళాలు బయటికి తీసి చూపించింది. ఇవి తులసాకు మీదివి, ఇవి నేలవేమువి, ఇవి వామాకువి. జిగురు మీద బియ్యప్పిండి చిలకరించినట్టు తెల్లని చుక్కలు.

“ఏంటివి వేదమ్మా?”

“కిరుములే అక్కా. మంచివి.”

గౌరమ్మ చేతిలోని సీసా జారి బద్దలైంది. వెనక్కి తిరిగి చూడకుండా ఇల్లు చేరి, చర్మం కందిపోయేదాకా సబ్బుతో చేతులు తోమింది.

సాయంత్రం వేదవల్లి వాళ్ళింటికి వచ్చి గడప మీద కూర్చుంది. కోపగించుకోలేదు. “అక్కా, నువ్వు పాలు కాస్తావు కదా. కాచిన పాలు పెరుగెట్లా అవుతాయి?” అని అడిగింది.

“తోడు వేస్తే.”

“ఆ తోడులో ఉండేవీ ఇవీ ఒక్క జాతే. ఇన్నాళ్ళూ నువ్వు వాటిని తింటానే ఉండావు.”

“ఏది మంచిదో ఏది చెడ్డదో మీకెట్ల తెలుస్తుంది?” అన్నది.

“తొందరపడకుండా చూస్తే తెలుస్తుంది. తొందరపడితే తెలీదు.”

ఆ మాట గౌరమ్మకు నచ్చింది. మర్నాడు మళ్ళీ పనికి పోయింది. పోయింది కానీ భయం తగ్గలేదు. కొంగు ముక్కుకు అడ్డంగా కట్టుకుని, గాజు పళ్ళాలను పెద్ద కుక్కరులో ఉడికించి, తుడిచి, మళ్ళీ ఉడికించేది. వేదవల్లి చాలంటున్నా వినేది కాదు.

వామాకు మీద దొరికిన రకం అన్నిటికంటే గట్టిదని తేలింది. దాన్ని పాలల్లో పెంచి, గంజిపొడితో కలిపి ఆరబెట్టారు. మొదట వేదవల్లి తిన్నది, తరువాత వరదరాజన్ తిన్నాడు. గౌరమ్మను ఎవరూ తినమనలేదు. అయినా అడిగి చిటికెడు నాలుక మీద వేసుకుంది. పుల్లగా ఉంది. మర్నాడు తెల్లవారి కళ్ళు తెరిచి, కడుపు తడిమి చూసుకుని, నొప్పి లేదని నమ్మడానికి చాలాసేపు పట్టింది.

వేదవల్లి ఇంకా పరీక్షలు కావాలన్నది. ఎలుకలకు పెట్టాలి, బెంగుళూరుకు పంపాలి, పిల్లల మాట ఆ తరువాత. వరదరాజన్ ఒప్పుకోలేదు. పెన్నాగరం అవతల ఏరియూరులో చిన్నపిల్లల బడి, బాలవాడి, నడిపే టీచరు ముత్తమ్మాళ్ ఆయన అంగడికి పాతకాలం నుంచి వచ్చే మనిషి. వానాకాలమొస్తే తన దగ్గరి పిల్లలకు కడుపులు చెడుతున్నాయని ఆమె వాపోయింది. “ఊరికే ఇస్తాము, మజ్జిగలో కలిపి పెట్టు” అన్నాడాయన. గౌరమ్మను వెంటబెట్టుకుని ఏరియూరుకు పోయి, తల్లులను కూర్చోబెట్టి, “ఈమె తినింది, అడగండి” అన్నాడు.

“తిన్నాను. ఏమీ కాలేదు” అని గౌరమ్మ తమిళంలో చెప్పింది.

ముందు వరుసలో చంకన పిల్లతో కూర్చున్న పూంగొడి అనే పడుచు, “నీ బిడ్డకు పెడతావా?” అని అడిగింది.

వరదరాజన్ గౌరమ్మ వైపే చూస్తున్నాడు. “పెడతాను” అన్నది.

ఆ మొదటి పొట్లాలతో ఏ ఇబ్బందీ రాలేదు. పిల్లలు బాగా తింటున్నారని ముత్తమ్మాళ్ కబురు కూడా పంపింది. తరువాత దీపావళి నాటి ఐప్పసి వానలు పట్టుకున్నాయి. ముసురు విడవలేదు, కరెంటు ఉండీ ఉండక ఏడిపించింది. ఆరబెట్టే పెట్టె చల్లబడిపోయి రెండోసారి చేసిన పొడి సగం తడిగానే ఉండిపోయింది. మళ్ళీ కరెంటు రాగానే ఎండబెట్టారు గానీ వేదవల్లికి మనసు కుదరలేదు. అందులోంచి చిటికెడు తీసి గాజు పళ్ళాల్లో వేసి, “ఇవి మొలిచి నేను చూసిందాకా ఒక్క పొట్లం కూడా కదలకూడదు” అని చెప్పింది.

ఆ రోజు సేలం పోతూ పోతూ వరదరాజన్ పొట్లాల సంచిని ఏరియూరుకు చేర్చమని పెన్నాగరం బస్సు కండక్టరు చేతికిచ్చి పోయినాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున వేదవల్లి వెచ్చటి పెట్టె తెరిచింది. తెల్లని చుక్కల మధ్యన పచ్చరంగు తిరిగిన మచ్చలు, తడిసిన గోడ మీద చెమ్మలాగ పాకి ఉన్నాయి. ఆ పిల్ల ముఖంలో రక్తం ఇంకిపోవడం గౌరమ్మ చూసింది.

“ఇవి మనవి కావు అక్కా.”

“చెడ్డవా?”

“తెలీదు.”

చెడ్డవే అన్నా గౌరమ్మ తట్టుకునేది. తెలీదన్న మాటకే పొట్లాల సంచి కోసం పరుగెత్తింది. గదంతా వెతికినా అది కనపడలేదు. నారాయణసామి వచ్చి, “మన అంగడి మొదలాళి నిన్ననే బస్సులో వేసి పంపించేసినాడే!” అన్నాడు.

ఏరియూరు పోస్టాఫీసుకు ఫోను చేయబోయారు. వానకు లైను తెగిపోయింది. వేదవల్లి గబగబా ఆలోచించింది. అది ఏ రకమో తేల్చాలంటే తాను సూక్ష్మదర్శిని వదిలి కదలకూడదు. తేలితేనే డాక్టర్లకు ఏ మందు పనిచేస్తుందో చెప్పగలదు. “అక్కా, ఆ తల్లులకు నీ ముఖం తెలుసు. నువ్వు పో. ఏ బిడ్డకైనా భేదులు ఉంటే కాచిన నీళ్ళల్లో కొంచెం ఉప్పు, చక్కెర కలిపి, కన్నీళ్ళకంటే ఉప్పగా లేకుండా చూసి, స్పూను స్పూనుగా తాపుతానే ఉండు. ఆపొద్దు. కక్కినా ఆపొద్దు. ఆసుపత్రికి చేరేదాకా తాపు.”

“తాపితే ఇంకా పోతుంది కదా, వేదమ్మా?”

“పోనీ. పోయేదానికంటే ఎక్కువ లోపలికి పోవాలి. నీళ్ళు లేకనే బిడ్డలు పోయేది.”

గౌరమ్మకు లోకం ఒక్కసారి తలకిందులైంది. ఆ మాట మనసులోకి దిగకుండా పళ్ళు బిగబట్టి, కాచిన నీళ్ళ చెంబు, ఉప్పు, చక్కెర సంచిలో వేసుకుని బస్టాండుకు పరుగెత్తింది.

బస్సు కిటికీలకు గోనెపట్టాలు దించి ఉన్నాయి. లోపల చీకటి, తడిబట్టల వాసన. పెన్నాగరం దాకా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా ఇంకో బిడ్డ ఎక్కడో మజ్జిగ గ్లాసు నోటికి ఎత్తుకుంటున్నట్టు అనిపించేది. డ్రైవరు బీడీ వెలిగించుకుంటే ఆలస్యమైపోతుందని ఆ అగ్గిపుల్ల ఆరేదాకా దానివైపే చూస్తూ కూర్చుంది. ‘తిన్నాను, ఏమీ కాలేదు’ అన్న తన గొంతు తనకే వినపడుతూ ఉంది.

పెన్నాగరం దాటినాక ఒకచోట వంక పొంగి నీళ్ళు రోడ్డెక్కినాయి. బస్సు పోదన్నారు. ఒడ్డున మనుషులు గుంపుగా నిలబడి నీళ్ళు తగ్గేదాకా ఆగుదామంటున్నారు. గౌరమ్మ ఎర్రటి నీళ్ళను చూసింది. అందులో ఎన్ని కోట్ల కిరుములు ఉన్నాయో ఆమెకు కళ్ళకు కట్టినట్టే కనపడింది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, సంచి నెత్తిన పెట్టుకుని దిగింది.

“ఓయమ్మా, ఆగు!” అని ఎవరో కేకలేశారు. నీళ్ళు నడుముదాకా వచ్చి కాళ్ళను లాగినాయి. ఒక పెద్దాయన ఎదుటి గట్టు నుంచి దుడ్డుకర్ర చాచి పట్టుకోకపోయి ఉంటే కొట్టుకుపోయేదే.

నడిచి ఏరియూరు బాలవాడి చేరేసరికి పిల్లలు సంగటి తింటున్నారు. ముత్తమ్మాళ్ ఆమె వాలకం చూసి గరిట కింద పడేసింది.

“పొట్లాలు! పొట్లాలు యాడ?”

“నిన్న వచ్చినాయి. ఇదో, గూట్లో. పొద్దున మజ్జిగ తేలేదు, అందుకని ఇంకా...”

గౌరమ్మ వాటినన్నిటినీ సంచిలో కుక్కుకుని గూటి ముందు కూలబడింది. కానీ ముత్తమ్మాళ్ మాట ఇంకా పూర్తి కాలేదు. “ఒక్క పూంగొడి మాత్రం నిన్న సాయంత్రమే ఒకటి తీసుకుపోయింది. దాని బిడ్డ ఈ పొద్దు రాలేదు.”

పూంగొడి ఇల్లు ఊరి చివర పల్లంలో. బావి పక్కనే. గడప దాటకముందే పుల్లటి వాసన గౌరమ్మ ముఖాన కొట్టింది. ఆ వాసన ఆమెకు తెలుసు. చాప మీద పిల్ల పడుకుని ఉంది. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. గౌరమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది. వెనక్కి తిరిగి పారిపోవాలని ఒళ్ళంతా లాగింది. ఎవరూ చూడలేదు, ఇప్పుడు పోయినా ఎవరికీ తెలీదు అని లోపల ఒక గొంతు చెప్పింది.

పూంగొడి తలెత్తింది. “నువ్వా? తెల్లారినప్పటి నుంచీ పోతానే ఉండాది. నీళ్ళు కూడా ఇవ్వలేదు, ఇస్తే ఎక్కువవుతుందని మా అత్త చెప్పింది.”

“ఇవ్వాలి. ఇప్పుడే ఇవ్వాలి.” గౌరమ్మ లోపలికి వచ్చి కూర్చుంది. కాచిన నీళ్ళల్లో ఉప్పు, చక్కెర కలిపి, నాలుక మీద వేసుకుని చూసి, స్పూను పట్టుకుంది. అప్పుడు ఆగింది. చెప్పకుండా తాపడం ఆమెకు చేతకాలేదు.

“పూంగొడీ, ముందు ఒక మాట. ఆ పొడిలో ఏదో చేరింది. మంచిదో చెడ్డదో మాకే తెలీదు. అది చెప్పడానికే వచ్చినాను. నీ బిడ్డకు దానివల్లే ఇట్లయిందేమో.”

పూంగొడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమైనాక లేచి గౌరమ్మ చెంప మీద కొట్టింది. “నీ బిడ్డకు పెడతానన్నావే!”

“నాకు బిడ్డ లేదు. ఉండేది. ఇట్లనే పోయింది. నేనూ నీళ్ళు తాపలేదు.”

బయట చూరు నీళ్ళు కారుతున్న చప్పుడు. పూంగొడి నిలబడే ఉంది, ఆమె రొమ్ము ఎగసిపడుతూ ఉంది. తరువాత వంగి పిల్లను ఎత్తి గౌరమ్మ ఒడిలో పెట్టింది.

“నువ్వే తాపు. దీనికేమైనా అయితే నిన్ను ఈ గడప దాటనివ్వను.”

గౌరమ్మ తాపింది. పిల్ల కక్కింది. మళ్ళీ తాపింది. మళ్ళీ కక్కింది. నీళ్ళు కారిపోయిన ప్రతిసారీ, ‘తాపితే ఇంకా పోతుంది’ అన్న పెద్దల మాట ఆమె చెవిలో రొద పెట్టింది. చెయ్యి ఆగబోయేది. వేదవల్లి మాట తలుచుకుని మళ్ళీ స్పూను ఎత్తేది. పిల్ల చెయ్యి చల్లగా ఉంది. ఆ చల్లదనం పైకి పాకుతుందేమోనని ఒక చేత్తో తాపుతూ ఇంకో చేత్తో మోచేతిని తడిమి చూస్తూనే ఉంది.

ముత్తమ్మాళ్ ఒక ట్రాక్టరును పిలుచుకు వచ్చింది. వంక పొంగు కొంచెం తగ్గింది. ట్రాక్టరు తొట్టిలో గోనెపట్టా కింద ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. కుదుపులకు నీళ్ళు ఒలికిపోతుంటే పూంగొడి చెంబు పట్టుకుంది, గౌరమ్మ స్పూనుతో తాపింది. దారి మధ్యలో పిల్ల ఏడ్చింది. సన్నగా, కీచుగా. గౌరమ్మ వంగి చూసింది. కంటి కొసన ఒక నీటిచుక్క.

“కన్నీరు వస్తావుండాది” అన్నది. అంతవరకూ ఏడవని పూంగొడి అప్పుడు ఏడ్చింది.

పెన్నాగరం ఆసుపత్రిలో డాక్టరు నరానికి గ్లూకోజు ఎక్కించి, “దారిలో తాపకుండా తెచ్చి ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు” అన్నాడు. పూంగొడి వీధి నుంచే ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు అదే రోగంతో వచ్చి పడుకుని ఉన్నారు. వాళ్ళు ఏ పొడీ తినలేదు. వాననీళ్ళు పల్లంలోని బావిలోకి దిగి ఉంటాయని డాక్టరు అనుమానం. బావో, పొడో, రెండూనో, ఖచ్చితంగా చెప్పలేనన్నాడు.

పిల్ల బతికింది. పొడిలో చేరిన మచ్చలు రోగం తెచ్చే జాతి కావని కొన్నాళ్ళకు బెంగుళూరు నుంచి జవాబు వచ్చింది. వరదరాజన్ ఆ కాగితం పట్టుకుని అంగడంతా తిరిగినాడు. “చూసినారా, నేను చెప్పలేదా?” అన్నాడు. వేదవల్లి ఆయన ముఖం చూడలేదు. “పెదనాన్నా, మనకు కలిసొచ్చింది, అంతే. పరీక్ష కాకముందే ఇంకో పొట్లం బయటికి పోతే నేనీ గది తాళం మీ చేతికిచ్చి పోతాను” అన్నది. ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. పని మళ్ళీ మొదలు కావడానికి ఏడాది పట్టింది. ఈసారి పెద్దవాళ్ళకు మాత్రమే, ఒక డాక్టరు పర్యవేక్షణలో.

ఆ ఏడాదంతా గౌరమ్మకు పెన్నాగరం బస్సు హారను వినపడితే చాలు, ఒళ్ళు జలదరించేది. జవాబు కాగితం వచ్చినా ఆమెలో ఏదీ సర్దుకోలేదు. కాగితంలో ఇంకో మాట రాసి ఉంటే ఏమయ్యేదో అన్న తలపు సంగటి ముద్ద గొంతులో ఉన్నప్పుడు వచ్చేది, జడ వేసుకుంటున్నప్పుడు వచ్చేది.

ఎనభై ఏడులో ఒక పొద్దున పూంగొడి అంగడి ముందు వచ్చి నిలబడింది. గౌరమ్మ చేతిలోని జల్లెడ పడిపోయింది. “బిడ్డ?” అన్నది.

“అది బడికి పోతావుండాది. మా అత్త కోసం వచ్చినాను” అన్నది పూంగొడి. ముసలామెకు కాలి పుండుకు సూదిమందులు వేసి వేసి, ఇప్పుడు ఏమి తిన్నా కడుపులో ఇమడటం లేదట. మీ దగ్గర పొడి ఉంది కదా, అది పెట్టవచ్చునని ధర్మపురి డాక్టరే చెప్పి చీటీ రాసిచ్చినాడట. “నువ్వు నీ చేత్తో ఇస్తే తీసుకుపోతాను.”

“నేనియ్యలేను” అన్నది గౌరమ్మ.

“ఏంటికి? ఇంకా చెడ్డదేనా?”

“లేదు. మంచిదే. పరీక్ష చేసినారు, నేనూ తిన్నాను.” ఆ మాట వినపడగానే తన నోరు తానే మూసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. “నాకు బయం, పూంగొడీ. పోలేదు. పోదు.”

పూంగొడి ఆమెను చూసింది. కోపం లేదు, జాలి కూడా లేదు. “బయపడేదానివి కాబట్టే నీ దగ్గరికి వచ్చినాను” అన్నది.

పొట్లం వేదవల్లి ఇచ్చింది. గౌరమ్మ లోపలికి పోయి నారాయణసామికి ఏదో చెప్పి, ఒక మార్పు చీర సంచిలో పెట్టుకుని వచ్చింది. ముసలామె పక్కన కూర్చుని, తిన్నది ఇమిడిందాకా చూసుకుని వస్తానన్నది. పెన్నాగరం బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పొట్లం పూంగొడి కొంగున ముడివేసి ఉంది. బస్సు కదలగానే గౌరమ్మ ముందు సీటు కమ్మిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.